ఆంగ్ల పాఠంలో అన్యదేశాలు: ఒక అభిప్రాయం

ఆంగ్లభాషను నేర్చుకొనే విద్యార్థికి ఆ భాషతోపాటు వివిధ దేశాల జీవన విధానాన్ని, ఆచార వ్యవహారాలను కూడా పరిచయం చేయవలెనని విద్యావేత్తలు చాలాకాలంగా చెబుతున్నారు. ఈ మాటతో మాకు విరోధం లేదు. ఒక జనం తినే తిండి, కట్టే బట్ట, పలకరించే తీరు తెలియనిదే ఆ జనం మాట పూర్తిగా అర్థం కాదు. అయితే 'వివిధ దేశాలు' అనగానే మన తరగతి గదులకు తట్టేది చాలావరకు ఒకే ఒక్క దేశం. అక్కడ మంచు కురుస్తుంది, ఇంటిలోపల గోడలో నిప్పు మండుతుంది, సాయంకాలం వేళ తప్పకుండా తేనీరు తాగుతారు. మైదుకూరులో కూర్చొని ఆంగ్లం చదివే పిల్లవానికి నిజంగా తెలిసిన పరదేశం ఇంకొకటి ఉన్నది. దానిని అతడు ఇంటివద్దనే వదలి తరగతిలోకి వస్తున్నాడు. అట్లా వదలి రమ్మని నోటితో చెప్పకపోయినా, మనమే అతనికి నేర్పినాము. మేము ఈ వ్యాసంలో వాదించదలచుకొన్నది దానిని గూర్చియే.

తెలుగు అధ్యాపకులకు ఆంగ్ల బోధనతో పనియేమని పాఠకులు అడుగవచ్చును. రెండేళ్ళ క్రితం ఆంగ్లశాఖలో ఒక ఖాళీ ఏర్పడి, అది భర్తీ అయ్యేదాకా మొదటి సంవత్సరం తరగతులను ఎవరో ఒకరు చూడవలసివచ్చినప్పుడు ఆ భారం మా మీద పడినది. తిరుపతిలో ఎం.ఏ. చదివే రోజులలో ఆంగ్ల కావ్యాలు కొన్ని ఇష్టపడి చదివిన మాట వాస్తవమే గాని, ఆ భాషను బోధించే యోగ్యత మాకు కలదని మేమెన్నడూ అనుకోలేదు. బహుశా ఆ కారణం చేతనే, అలవాటైన ఆంగ్ల అధ్యాపకులకు కనబడని కొన్ని సంగతులు మాకు కనబడినవి. ఆ కొద్ది నెలలలో మేము నేర్పినదానికంటె నేర్చుకొన్నదే ఎక్కువ.

మొదటి వారంలోనే ఒక ముచ్చట జరిగినది. షేక్స్పియర్ మహాకవి తన ఆప్తవ్యక్తిని వేసవి దినంతో పోల్చిన ప్రసిద్ధ కవితను చెబుతున్నాము. వెనుక బెంచీలోని ఒక కుర్రవాడు లేచి, "సార్, ఇది పొగడ్తా, తిట్టా?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వినది. మేమూ నవ్వినాము. కాని ఆ ప్రశ్న ఎంత సరియైన ప్రశ్న! ఏప్రిల్, మే నెలలలో నలభై డిగ్రీలు దాటిన ఎండలో, ప్రొద్దుటూరు రోడ్డు మీద తలకు తువాలు చుట్టుకొని నడిచే వానికి, వేసవి దినంతో పోలిక ఏ విధంగా ప్రశంస కాగలదు? ఇంగ్లండు భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉన్నదో, అక్కడ సూర్యుడెట్లా అరుదైన అతిథియో పటం చూపి వివరించినాము. అంతలో ఒక విద్యార్థిని, "అట్లయితే సార్, వాళ్ళు వానను తిట్టేటప్పుడు ఏమంటారు?" అని అడిగినది. మన రాయలసీమలో వానను తిట్టేవాడే లేడు. ఆ గంట చాలా బాగా గడిచినది. కాబట్టి ఇంగ్లండును పాఠం నుండి వెళ్ళగొట్టవలెనని మేము అనడం లేదు. అది ఒక్కటే ఉండడం మీదనే మా అభ్యంతరం.

తరువాతి నెలలో 'మా అమ్మ' అనే అంశంపై ఒక పుట వ్రాసుకొని రమ్మన్నాము. నలభైమూడు నోటుపుస్తకాలు వచ్చినవి. నలభైమూడింటిలోనూ ఒకే అమ్మ. ఆమె తెల్లవారుజామున లేస్తుంది, వాకిలి ఊడ్చుతుంది, మాకు వండిపెడుతుంది, కళాశాలకు పంపుతుంది, రాత్రి అందరూ తిన్న తరువాత తాను తింటుంది. గైడు పుస్తకంలోని అమ్మ. ఇది కొత్త సంగతి కాదు; ఎర్రసిరాతో దిద్ది ఇచ్చివేయవచ్చును. కాని ఆ నలభైమూడింటిలో ఒక పుస్తకం మా చేతిలో ఆగిపోయినది. ఆ అబ్బాయి తన నానీ వద్ద పెరుగుతున్నాడని మాకు తెలుసు. అతని తల్లి కువైట్‌కు పోయి అప్పటికి ఆరవ సంవత్సరం నడుస్తున్నది. అతడు కూడా, మా అమ్మ రోజూ నన్ను నిద్రలేపుతుందని వ్రాసినాడు.

స్టాఫురూములోకి పిలిచి, కోప్పడకుండానే, ఎందుకిట్లా వ్రాసినావని అడిగినాము. "గైడులో అట్లే ఉంది సార్" అన్నాడు. కొంతసేపు నిలబడి, "కొయిటలో ఉండే అమ్మను గురించి ఇంగ్లీషులో ఎట్లా రాయాలో తెలీదు సార్" అన్నాడు. మేము బదులు చెప్పలేకపోయినాము. వాడు పుట్టినది మొదలు చదివిన ఆంగ్ల పాఠాలలో లండను వంతెన ఉన్నది, స్విస్ పర్వతాలు ఉన్నవి, అమెరికా అధ్యక్షులున్నారు. వాని తల్లి ఉన్న దేశం మాత్రం లేదు. పదేళ్ళుగా చదువుతున్న భాషలో తన తల్లిని గూర్చి ఒక వాక్యం వ్రాయలేకపోవడం ఆ బిడ్డ తప్పా?

మరునాడు తరగతిలో ఒక చిన్న పరీక్ష పెట్టినాము. "ఇప్పుడు మనకు ఉదయం పది గంటలు. లండనులో ఎంత?" అన్నాము. నిశ్శబ్దం. భూగోళశాస్త్రం జ్ఞాపకమున్న ఒకరిద్దరు వ్రేళ్ళు మడిచి లెక్క మొదలుపెట్టినారు. "సరే, కువైట్‌లో ఎంత?" అన్నాము. గది నాలుగు మూలల నుండి ఒకేసారి జవాబు వచ్చినది: "ఏడున్నర." ఎవ్వరూ లెక్కవేయలేదు. రెండున్నర గంటల తేడా వారి ఒంటిలో ఉన్నది. ఎప్పుడు ఫోను చేయవచ్చునో, ఎప్పుడు చేయరాదో తెలిసిన బిడ్డలు వారు. మా నోటుపుస్తకం అబ్బాయి తలవంచుకొనే, "ఏడున్నరకంతా మా అమ్మ ఆ ఇంట్లో పిల్లల్ని బడికి పంపేసి ఉంటుంది సార్" అన్నాడు.

కడప సీమ నుండి గల్ఫ్ దేశాలకు, అందులోనూ కువైట్‌కు వలస పోవడం నాలుగైదు దశాబ్దాలుగా సాగుతున్నది. రాజంపేట, రాయచోటి, కోడూరు, బద్వేలు, కడప, మైదుకూరు ప్రాంతాలలో ఎవరో ఒకరు కొయిటకు పోని వీధి అరుదు. పురుషులు డ్రైవర్లుగా, కూలీలుగా పోయినారు. స్త్రీలు వంటపనికి, ఇంటిపనికి పోయినారు. మన ఊళ్ళ పక్కా ఇండ్లు, ఆడపిల్లల పెండ్లిళ్ళు, ఈ కళాశాలలో కట్టిన ఫీజులలో ఒక భాగం, ఆ వంటయిండ్ల నుండి వచ్చినవే. ఆ దేశాన్ని గూర్చి మన విద్యార్థులకు తెలిసినదేమి? అక్కడి కాలమానం, అక్కడి దీనారుకు మన రూపాయలెన్ని, విమానాశ్రయంలో ఎన్ని కిలోల సామాను అనుమతిస్తారు. అంతకుమించి వారికీ తెలియదు, మాకూ తెలియదు. కలిసి తెలుసుకొందామని పటం విప్పినాము.

కువైట్ వైశాల్యం సుమారు 17,800 చదరపు కిలోమీటర్లు. అవిభక్త కడప జిల్లా సుమారు 15,400. అంటే మన పాత జిల్లా కంటె కొంచెం పెద్దది, అంతే. ఈ సంగతి చెప్పగానే వెనుక వరుసలు కూడా ముందుకు వంగినవి. అంత పెద్ద పేరున్న దేశం ఇంతేనా! మనకు ఏటా సగటున 700 మిల్లీమీటర్ల వర్షం పడితే మనది కరువుసీమ అనుకొంటున్నాము. అక్కడ పడేది వందకు కాస్త అటూ ఇటూ. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటి కూడా లేదు. 1950ల తొలినాళ్ళలో సముద్రపు నీటిని శుద్ధిచేసే యంత్రాలు వచ్చేదాకా, షట్టుల్ అరబ్ నదీముఖం నుండి పడవలలో మంచినీళ్ళు తెచ్చి అమ్ముకొనేవారు. నీళ్ళ బిందెల వరుస తెలిసిన మన పిల్లలకు ఈ పాఠం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు. ఆ పడవలకు టేకు కలప మలబారు తీరం నుండి పోయేది; అవే పడవలు ఖర్జూరం నింపుకొని మన రేవులకు వచ్చేవి. ఇంకొక సంగతి విని మేమే ఆశ్చర్యపోయినాము. 1961వ సంవత్సరం దాకా కువైట్‌లో చెల్లిన నాణెం మన రూపాయియే. 1959లో గల్ఫ్ దేశాల కోసమని మన రిజర్వు బ్యాంకు ప్రత్యేకంగా రూపాయి నోట్లు ముద్రించినది. 1961 జూన్ 19న బ్రిటిషు వారి రక్షణ ఒప్పందం ముగిసి స్వతంత్రం కావడానికి కొద్ది నెలల ముందే వారికి తమ దీనారు వచ్చినది. నేడు మన వారు ఏ దీనారు కోసం పోతున్నారో, అది పుట్టకముందు ఆ బజారులో గాంధీ పుట్టిన దేశపు రూపాయి చెలామణి అయినదని విన్న తరువాత, ఒక విద్యార్థి ఆ రోజే తన మామకు ఫోను చేసి చెప్పినాడట. ఆయన నమ్మలేదట.

ఈ పాఠాలన్నీ ఆంగ్లంలోనే జరిగినవి. సరళమైన ఆంగ్లం, తప్పుల ఆంగ్లం. మా తప్పులను కూడా కలిపే చెబుతున్నాము. చెప్పవలసిన సంగతి ఉన్నప్పుడు విద్యార్థి తప్పుకు భయపడడని మేము కండ్లారా చూచినాము. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి, తన తల్లి పనిచేసే ఇంట్లో ఇథియోపియా దేశపు ఆమె ఒకరు ఉన్నారని, వారి సంవత్సరానికి పదమూడు నెలలని, సెప్టెంబరులో వారికి ఉగాది అని మూడు వాక్యాలలో చెప్పి కూర్చున్నది. ఆమె చెప్పినది నిజమే. ఆ దేశపు పంచాంగం అటువంటిదే. వారి లిపి కూడా వారి స్వంతమే. మన కడప జిల్లా ఆడమనిషి ఒక వంటయింట్లో ఇథియోపియా, శ్రీలంక, ఫిలిప్పీన్సు దేశాల స్త్రీలతో కలిసి పనిచేస్తూ, సగం అరబ్బీ, సగం ఆంగ్లం కలిపి సంసారం నడుపుతున్నది. కువైట్ జనాభాలో సుమారు మూడింట రెండు వంతులు పరదేశీయులే. అందులో మన భారతీయులు పది లక్షల మంది వరకు ఉన్నారు. వివిధ దేశాల సంస్కృతులను గూర్చి చెప్పగల అధికారం ఈ తల్లికి ఉన్నదా, మా వంటి అధ్యాపకులకు ఉన్నదా?

భాషా విషయంలో మాకు బయటపడిన కొన్ని సంగతులు చెప్పకుండా ఉండలేము. ఇవి మా స్వంత రంగానికి దగ్గరివి. మన విద్యార్థి ఆంగ్లంలో నీళ్ళడిగితే 'గివ్ మి వాటర్' అంటాడు. తెలుగులో 'నీళ్ళివ్వండి' అన్నప్పుడు మర్యాద అంతా ఆ 'అండి'లో ఉన్నది. దానిని ఆంగ్లంలోకి మార్చితే 'అండి' రాలిపోయి ఆజ్ఞ మాత్రం మిగులుతుంది. వినేవాడు ఇతనిని మొరటువాడనుకొంటాడు. ఇతడేమో తాను మర్యాదగానే అడిగినాననుకొంటాడు. వ్యాకరణంలో దోషం లేదు, మనుషుల మధ్య దోషం వచ్చినది. అట్లే 'యూ' అనే మాట. తెలుగులో నువ్వు, మీరు. ఉర్దూలో తూ, తుమ్, ఆప్. ఆంగ్లం ఒకప్పుడు 'దౌ' అనే మాటను చనువుగా వాడుకొని తరువాత వదలుకొన్నది. ఇప్పుడు వారికి రాజునూ సేవకునీ పిలిచేది ఒక్క మాటే. మా ఎదుట నిలబడి మమ్మల్ని 'యూ' అనడానికి మా విద్యార్థుల నాలుక తిరగదు. వాక్యమంతా 'సార్'లతో నింపుతారు. దీనిని బిడియమని ఆంగ్ల ఉపాధ్యాయులు విసుగుకొంటారు. అది బిడియం కాదు, వ్యాకరణభేదం.

పలకరింపులున్నవి చూడండి. మనం 'అన్నం తిన్నారా' అని అడుగుతాము. ఇంగ్లీషువాడు వాతావరణం మాట ఎత్తుతాడు. కువైట్ వారు 'ష్లోనక్' అంటారు. మాటకు మాట చూస్తే, నీ రంగు ఎట్లున్నది అని అర్థం. ముఖంలో కళ ఉన్నదా అని అడగడమే. మన పల్లెలో ముసలమ్మ 'ఏం నాయనా, వాడిపోయినావు' అనడంతో ఇది ఎంత దగ్గర! ఆ దేశంలో అతిథికి చిన్న చెవిలేని కప్పులో కాఫీ పోస్తారు. చాలునని నోటితో చెప్పనక్కరలేదు. కప్పును అటూ ఇటూ కొంచెం ఊపి ఇవ్వవలెను. ఊపకుండా ఇస్తే మళ్ళీ పోస్తారు. మొదటి రోజు తెలియక ఏడెనిమిది కప్పులు తాగినానని, అక్కడ డ్రైవరుగా పనిచేసి తిరిగివచ్చిన ఒక పెద్దాయన మా తరగతిలో చెప్పి అందరినీ నవ్వించినాడు.

ఉర్దూ చదివిన మన విద్యార్థులకు అరబ్బు దేశం తమకు తెలిసినదేనన్న ధీమా ఒకటి ఉంటుంది. అక్షరాలు ఒకటే గదా అనుకొంటారు. ఆ ధీమా కొంత మేరకే పనికివస్తుంది. ఉర్దూలో 'పే' అనే అక్షరం క్రింద మూడు చుక్కలున్నవి. అరబ్బీలో ఆ అక్షరమే లేదు, ఆ ధ్వని లేదు. అందుచేత అక్కడి వారి ఆంగ్లంలో 'పార్కింగ్' తరచు 'బార్కింగ్' అవుతుంది. ఇది చెప్పగానే మన ఉర్దూ విద్యార్థులు తెలుగువారికంటె ముందు పట్టుకొన్నారు. ఇంకొక మాట చూడండి. 'గరీబ్' అంటే మనకు బీదవాడు. అరబ్బీలో ఆ మాటకు పరదేశి, అపరిచితుడు అని అర్థం. ఒకే మాట సముద్రం దాటి మన వైపు వచ్చేటప్పటికి పరదేశి బీదవాడైనాడు. మన వారు సముద్రం దాటి అటు పోయినప్పుడు రెండర్థాలూ వారికి సరిపోతున్నవి.

ఇక్కడ కమిటీ పెద్దల అభ్యంతరాన్ని ప్రస్తావించవలసి ఉన్నది. మా తరగతి సంగతి తెలిసిన ఒక పెద్దమనిషి, మామీద ఎంతో అభిమానం గలవారే, మమ్మల్ని ప్రక్కకు పిలిచి, "మన పిల్లలను ఇంజనీర్లను, ఆఫీసర్లను చేద్దామని కళాశాల పెట్టినాము. మీరు వాళ్ళకు కొయిట పాఠాలు చెబుతున్నారే" అన్నారు. ఆయన బాధ మాకు అర్థమైనది. తల్లి ఖద్దామాగా పోయినది చాలక బిడ్డను కూడా అదే దారి పట్టిస్తామా అన్నది ఆ బాధ. అయితే ఆ మాటలోనే ఇంకొకటి ఉన్నది; సిగ్గు. ఆ తల్లులు పంపిన డబ్బు మనకు సిగ్గు కాదు, వారు చేసిన పని సిగ్గు. ఈ సిగ్గును బిడ్డలు చాలా చిన్నప్పుడే నేర్చుకొంటారు. నోటుపుస్తకంలో గైడులోని అమ్మను వ్రాసుకొని వచ్చేది అందుకే. తన ఇంటిని గూర్చి సిగ్గుపడే విద్యార్థికి, ఇతర దేశాల సంస్కృతి అంటే నెత్తిమీద ఇంకొక సిగ్గు మాత్రమే అవుతుంది. అతడు అందరివంకా క్రిందినుండి చూస్తాడు.

కొయిటను గూర్చి చదివినంత మాత్రాన కొయిటకు పోవలెనని లేదు. పోతే మాత్రం తెలిసి పోవలెను. 1983 నాటి వలసల చట్టం క్రింద, పదవ తరగతి పూర్తికాని వారి పాస్‌పోర్టుకు గల్ఫ్ ప్రయాణం ముందు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారికి ఆ నిర్బంధం లేదు. ఈ చిన్న సంగతి తెలియక దళారుల చేతిలో మోసపోయిన కుటుంబాలు మన చుట్టూ ఉన్నవి. కువైట్ ప్రభుత్వం 2015లో ఇంటిపనివారి కోసం 68వ నెంబరు చట్టం చేసినది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి ముప్పై రోజులు జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నవి. యజమాని పనిమనిషి పాస్‌పోర్టును తనవద్ద పెట్టుకొనరాదనికూడా ఉన్నది. చట్టం ఉండడం వేరు, నడవడం వేరు. అది మన దేశంలోనూ తెలిసినదే. అయినా ఆ నాలుగు మాటలను ఆంగ్లంలో చదివి, తల్లికి ఫోనులో తెలుగులోనో ఉర్దూలోనో చెప్పగల కొడుకు ఉన్న ఇల్లు వేరు, లేని ఇల్లు వేరు. ఆంగ్లంలో ఉత్తీర్ణత అంటే ఇది కూడా కాదా? 2024 జూన్ 12న కువైట్‌లోని మంగఫ్ వద్ద కార్మికులుండే భవనం కాలిపోయినప్పుడు 45 మంది భారతీయులు మరణించినారు. ఆ ఉదయం మా తరగతిలో సగం మంది చేతిలో ఫోను పట్టుకొని గది బయటనే నిలబడినారు. లోపలికి రమ్మని మేము పిలువలేదు.

మరొక మాట. ఆ దేశాన్ని స్వర్గమనీ చెప్పరాదు, నరకమనీ చెప్పరాదు. ఈ రెండు కథలూ మన వీధులలో కావలసినన్ని దొరుకుతవి; సెంటు సీసాలు తెచ్చినవాడు ఒకటి చెబుతాడు, జీతం అందని వాడు ఇంకొకటి చెబుతాడు. మేము పిలిపించిన పెద్దాయన రెండూ చెప్పలేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు ఆయన అక్కడనే ఉన్నాడట. బస్సులో బాగ్దాదు మీదుగా జోర్డాను దేశపు అమ్మాను చేరి, అక్కడ గుడారాలలో రోజులు లెక్కపెట్టి, విమానంలో బొంబాయికి వచ్చినాడట. ఆనాడు మన ప్రభుత్వం సుమారు 1,70,000 మందిని అట్లా తరలించినది. విద్యార్థులు ఆయనను యుద్ధాన్ని గూర్చి అడుగలేదు. "అక్కడ ఏం తిన్నారు? నీళ్ళు ఎవరిచ్చినారు? వాళ్ళతో ఏ భాషలో మాట్లాడినారు?" అని అడిగినారు. ఆయన తెలుగులో చెబుతూంటే ఇద్దరు విద్యార్థులు దానిని ఆంగ్లంలో నల్లబల్లమీద వ్రాసినారు. మాకు ఆ రోజు పనిలేకపోయినది.

ఇదేమి కొత్త పద్ధతి అని ఎవరైనా అంటే, ఇది చాలా పాతది. ఏనుగుల వీరాస్వామి గారు 1830 మే 18న చెన్నపట్టణం నుండి కాశీకి బయలుదేరి, మన కడప మీదుగానే పోయినారు. పోయిన ప్రతి ఊరిలో నీళ్ళెట్లున్నవి, వస్తువులు దొరుకుతవా, జనం ఏ భాష మాట్లాడుతారు, ఏ ఆచారాలు పాటిస్తారు అని స్నేహితునికి వ్రాసి పంపినారు. అవే 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చైనవి. ఉర్దూలో యాత్రాగ్రంథాలకు మొదటివాడనదగిన యూసుఫ్ ఖాన్ కంబల్‌పోష్ హైదరాబాదు వాడే. 1837లో ఇంగ్లండుకు ఓడ ఎక్కి, చూచినదంతా వ్రాసి 1847లో అచ్చువేసినాడు. మనవారు పరదేశాన్ని తమ కండ్లతో చూచి, తమ మాటలలో, తమ వారికోసం వ్రాసినారు. ఇక మన దేశానికి వచ్చినవారిలో బ్రౌను దొరను చూడండి. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన ఆ యువకుడు, తెలుగును కచేరీ కాగితాలనుండి మాత్రమే నేర్చుకొని ఊరుకోలేదు. తన ఖర్చుతో పండితులను పెట్టుకొని, తాళపత్రాలు సేకరించి, 1829లో వేమన పద్యాలను అచ్చువేయించి, 1852 నాటికి నిఘంటువు వెలువరించినాడు. జనం నోటిలో ఆడే మాటను వెతుక్కొని దాని అర్థం అడిగినాడు. ఆయన బంగళా ఉండిన స్థలంలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదల వలన, నేడు భాషా పరిశోధన కేంద్రం ఉన్నది. మన విద్యార్థులలో ఎందరు దాని గడప తొక్కినారో మేము అడిగి చూచినాము. ఆ సంఖ్య ఇక్కడ వ్రాయము.

ఈ బోధనకు రెండవ వైపు కూడా ఉన్నది. పరదేశీయుడు మన విద్యార్థిని 'మీ ఊరెట్లుంటుంది' అని అడిగితే ఏమి చెబుతాడు? తాజ్‌మహలును గూర్చి చెబుతాడు. అది గైడులో ఉన్నది. మన కృష్ణాపురం ఉల్లి మలేషియాకు, సింగపూరుకు ఎగుమతి అవుతున్నదని చెప్పడు. ఉగాదినాడు దేవుని కడపలోని వేంకటేశ్వరుని గుడికి ముసల్మాను కుటుంబాలు టెంకాయ తీసుకొని పోతవని, పీర్ల పండుగకు హిందువులు పీర్లను మోస్తారని, మనకు సమీపంలోనే మఠం కట్టుకొన్న బ్రహ్మంగారి ప్రియశిష్యుడు దూదేకుల సిద్ధయ్య అని చెప్పడు. అన్యదేశాల వారికి ఆశ్చర్యం కలిగించేవి ఇవే. ఈ నాలుగింటిని ఆంగ్లంలో చెప్పడానికి మేము పెట్టిన గంట చాలా కష్టమైన గంట. 'పీరు' అనే మాటకు ఆంగ్లమేమి? చివరకు పీరును పీరుగానే ఉంచి, ప్రక్కన రెండు వాక్యాలు వ్రాసినాము.

కొత్త ఆంగ్ల అధ్యాపకులు వచ్చినారు. మేము మా తెలుగుకు తిరిగి వచ్చినాము. వారు సహృదయులు, మా మాట విన్నారు. కమిటీ వారిని మేము కోరుతున్నది చాలా స్వల్పం. వారానికి ఒక గంట కేటాయించండి. దానికి పరీక్ష వద్దు, మార్కులు వద్దు. నెలకొకసారి, పరదేశంలో పనిచేసి తిరిగివచ్చిన ఒకరిని పిలువండి. డాక్టరును, ఇంజనీరును మాత్రమే కాదు, వంట చేసినవారిని, లారీ నడిపినవారిని. స్త్రీలను తప్పక పిలువండి. వచ్చినవారికి వార్షికోత్సవ ముఖ్య అతిథికి వేసే కుర్చీయే వేయండి. గోడకు ఒక మంచి ప్రపంచపటం కావలెను. ఇప్పుడున్నది సరిగ్గా అరేబియా వద్ద మడతపడి చిరిగినది. విద్యార్థులు తమ ఇంటివారిని అడిగి వ్రాసిన జవాబులను ఒక రిజిస్టరులో దాచవలెను. ఆ రిజిస్టరును మేము ఇప్పటికే ప్రారంభించినాము, ఇరవై రెండు పుటలు నిండినవి.

మొదటి పుట ఆ అబ్బాయిది. 'మా అమ్మ' అన్న శీర్షిక క్రింద మళ్ళీ వ్రాసుకొని వచ్చినాడు. పదకొండు వాక్యాలు, అందులో ఏడింట తప్పులున్నవి. మా అమ్మ ఆ ఇంటివారికి మచ్‌బూస్ వండుతుంది, నాకు ఆ వంట ఎట్లుంటుందో తెలియదు అని ఒక వాక్యం. శుక్రవారం మధ్యాహ్నం నాతో మాట్లాడుతుంది అని ఇంకొకటి. తప్పులను మేము పెన్సిలుతో దిద్దినాము, సిరాతో కాదు.